ఇరుసు చూసి కొనమ్మా

పోయిన అక్టోబరులో ఇంటికి ఒక అట్టపెట్టె వచ్చింది. లోపల కాగితంలో చుట్టిన నాలుగు బ్రేకు షూలు, స్ప్రింగుల సంచీ ఒకటి ఉన్నాయి. నా 1966 ఫోర్డ్ ముస్తాంగ్ కారు వెనక చక్రాలు విప్పి, బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, ఆ పెట్టె కోసమే పది రోజులుగా ఎదురు చూస్తున్నాను. ఆత్రంగా ఒక షూ తీసి డ్రమ్ములో, అంటే చక్రంతో పాటు తిరిగే గుండ్రటి ఇనప గిన్నెలో పెట్టాను. సరిపోలేదు. షూ మీద డ్రమ్ముకి రుద్దుకునే పొరే లైనింగు. దాని నడిమి భాగం డ్రమ్ము గోడకి ఆనితే రెండు చివరలా రెండు మూడు అగ్గిపుల్లలు కలిపి దూర్చేంత సందు కనిపించింది. వెడల్పు కూడా తక్కువే. డ్రమ్ములో షూ రుద్దిన మెరుపు చార ఒకటి ఉంటుంది కదా, అందులో ఒక పక్కన పావు అంగుళం ఖాళీగా మిగిలిపోయింది.

తప్పు షూలు పంపారనుకున్నాను. రసీదు తీసి చూస్తే నేను అడిగినవే వచ్చాయి. బండి నంబరు ఇచ్చి, ఆ నంబరుకి ఏ షూలు సరిపోతాయో అవే పంపమన్నాను. వాళ్ళు అలాగే పంపారు.

రాత్రి పదిన్నరకి విజయవాడకి వీడియో కాల్ చేశాను. అక్కడ అప్పుడు ఉదయం ఎనిమిది. నాన్న కాఫీ తాగుతున్నారు. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళకి పైగా షెడ్డులో పని చేసిన మనిషి. లారీలు, అంబాసిడర్ టాక్సీలు, జీపులు, ఆయన చేతి కింద ఎన్ని డ్రమ్ములు విప్పారో లెక్క లేదు. ముస్తాంగ్‌ని మాత్రం నా ఫోన్లో తప్ప ఎక్కడా చూడలేదు. షూనీ డ్రమ్మునీ కెమెరా ముందు పెట్టాను. ఒక్క నిమిషం చూసి, "కారు పేరు చెప్పి సామాను కొన్నావా?" అన్నారు.

"పేరు కాదు నాన్నా, ఏకంగా నంబరే ఇచ్చాను."

"నంబరైనా పేరైనా ఒకటేనమ్మా. అది పుట్టినప్పటి సంగతి. ఇన్నేళ్ళలో దాని కింద ఎవరు ఏం మార్చారో ఆ నంబరుకేం తెలుసు? ఇరుసు చూసి కొనమ్మా."

వాళ్ళ షెడ్డుకి వచ్చే టాక్సీల గురించి చెప్పుకొచ్చారు. పేరుకి అంబాసిడరే, ఇంజను ఒక బండిది, గేరుబాక్సు ఇంకో బండిది, వెనక ఇరుసు ఎక్కడిదో దాని యజమానికే తెలియదు. అందుకే ఆయన దగ్గర పనిచేసే కుర్రవాళ్ళెవరైనా కొట్టుకి వెళ్ళి "అంబాసిడర్ షూలు" అని అడిగితే ఊరుకునేవారు కాదట. పాత షూ చేత్తో పట్టుకుని వెళ్ళాల్సిందే.

ఆ రాత్రి గరాజులోకి వెళ్ళి బండి నంబరు మళ్ళీ చదివాను. 6, తర్వాత ఆర్, తర్వాత 07, తర్వాత టీ. మొదటి అంకె 6 అంటే 1966 మోడల్. ఆర్ అంటే కాలిఫోర్నియాలోని శాన్ హోసే ఫ్యాక్టరీ. 07 అంటే హార్డ్‌టాప్. నాలుగోది టీ. టీ అంటే 200 క్యూబిక్ అంగుళాల ఆరు సిలిండర్ల ఇంజను. నా బండి బానెట్ కింద ఉన్నది మాత్రం 289 వీ8, అంటే 289 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్ల ఇంజను. రెండు గొట్టాల కార్బురేటర్‌తో ఆ 289 ఫ్యాక్టరీ నుంచే వచ్చుంటే టీ ఉన్నచోట సీ ఉండాలి. అమ్మినాయన వీ8 అనే చెప్పాడు, అబద్ధమేమీ చెప్పలేదు. ఆ వీ8 బండితో పుట్టింది కాదు, అంతే. మధ్యలో ఎవరో ఇంజను మార్చారు.

ఇక్కడే బ్రేకుల కథ మొత్తం మారిపోతుంది. ఆ కాలపు ముస్తాంగ్‌లో ఆరు సిలిండర్ల బండికీ వీ8 బండికీ ఇంజను ఒక్కటే కాదు తేడా. ఆరు సిలిండర్ల దానికి చక్రానికి నాలుగు బోల్టులు, వెనక 9 అంగుళాల డ్రమ్ములు, ఒకటిన్నర అంగుళం వెడల్పు షూలు. వీ8 దానికి ఐదు బోల్టులు, వెనక 10 అంగుళాల డ్రమ్ములు, 1.75 అంగుళాల వెడల్పు షూలు, ఇరుసు కూడా బలమైన 8 అంగుళాలది. ఇంజను మార్చినవాళ్ళు పని సగంలో ఆపలేదు, ఐదు బోల్టుల ఇరుసు తెచ్చి వేశారు. అందుకు వాళ్ళకి నేను రుణపడి ఉన్నాను, ఎందుకంటే వీ8 పెట్టి చిన్న బ్రేకులు అలాగే వదిలేసిన బండ్లు చాలానే తిరుగుతున్నాయి. కానీ నంబరు పలక మీద టీ అలాగే ఉంది, ఆ టీ చూసి కొట్టువాళ్ళు నాకు 9 అంగుళాల షూలు పంపారు.

పాత ముస్తాంగ్ కొన్నవాళ్ళు మొదట వెనక చక్రం బోల్టులు లెక్కపెట్టండి. తర్వాత బండి కిందికి దూరి ఇరుసు మధ్య గుండ్రటి భాగాన్ని ముందు వైపు నుంచి చూడండి. దాని చుట్టూ ఉన్న నట్లన్నిటికీ సాకెట్ నేరుగా పడితే అది 8 అంగుళాల ఇరుసు. కింద రెండు నట్లకి సాకెట్ పట్టక పానా పెట్టాల్సి వస్తే 9 అంగుళాలది. ఇరుసు పేరులోని ఈ 8, 9 వేరు, డ్రమ్ము కొలతలోని 9, 10 వేరు. కొత్తలో నేను ఈ రెండిటినీ కలిపేసుకుని ఒక సాయంత్రమంతా తికమకపడ్డాను.

9 అంగుళాల సామానంతా తిరిగి పంపేశాను. ఈసారి కొత్తవి తెప్పించే ముందు, ఉన్నవాటిని ఒక్కొక్కటే విప్పి చూసి రాసుకోవాలనుకున్నాను. ఎడమ చక్రం వస్తువులు ఎడమ పక్క గుడ్డ మీద, కుడివి కుడి పక్క గుడ్డ మీద, బండిలో ఏ వరసన ఉన్నాయో అదే వరసన పరిచాను. విప్పే ముందు ఫొటోలు తీశాను. ఈ పనికి పట్టింది ఒక్క ఆదివారమే. నేర్చుకున్నదంతా దాదాపు ఆ రోజే.

నన్ను ఆ బండి చాలా భయపెట్టింది. వాన పడిన రోడ్డు మీద కాస్త గట్టిగా బ్రేకు తొక్కితే వెనక కుడి చక్రం ముందే బిగుసుకుపోయేది, బండి తోక ఎడమకి జరిగేది. పెడల్ కూడా రోజురోజుకీ కిందికి దిగిపోయేది. చేత్తో అడ్జస్టర్ తిప్పి షూలు దగ్గరికి తెస్తే రెండు వారాలు బాగుండేది, మళ్ళీ మామూలే. బ్రేకు గొట్టాల్లో గాలి చేరిందేమోనని రెండుసార్లు బ్లీడింగ్ చేశాను, అంటే గాలి బయటికి పోయేలా ఫ్లూయిడ్ వదిలాను. గాలి లేదు.

రెండు గుడ్డల మీదా షూలు పక్కపక్కన పెట్టగానే సగం కథ తెలిసిపోయింది. ఎడమ పక్క రెండు షూల లైనింగూ పొట్టిగా ఉంది. కుడి పక్క రెండిటి లైనింగూ పొడుగ్గా ఉంది.

ఈ బ్రేకు ఎలా పనిచేస్తుందో తెలిస్తే అందులో తప్పేమిటో అర్థమవుతుంది. తొక్కగానే ఫ్లూయిడ్ ఒత్తిడితో పైనున్న వీల్ సిలిండర్ రెండు షూలనీ బయటికి నెడుతుంది. బండి ముందుకి పోతున్నప్పుడు డ్రమ్ము తిరుగుడు ముందు షూని పట్టుకుని కిందికి లాగుతుంది. ముందు షూకీ వెనక షూకీ మధ్య అడుగున అడ్జస్టర్ ఉంటుంది, దేనికీ బిగించి ఉండదు. ముందు షూ ఆ అడ్జస్టర్‌ని నెడుతుంది, అడ్జస్టర్ వెనక షూని నెడుతుంది. వెనక షూ పైకి లేచి పైనున్న లావుపాటి పిన్నుకి ఆనుకుని అక్కడ ఆగుతుంది. అంటే కాలి బలం, సిలిండర్ బలం, డ్రమ్ము తిరుగుడు బలం అన్నీ కలిసి చివరికి వెనక షూ మీద పడతాయి. అందుకే వెనక షూ లైనింగు పొడుగు, ముందు షూది పొట్టి. ఒక చక్రానికి ఒక పొట్టి, ఒక పొడుగు. పెట్టెలో వచ్చేవి నాలుగు షూలు, రెండు పొట్టివి, రెండు పొడుగువి. నాకంటే ముందు చేసినవాళ్ళు ఒకేలా ఉన్నవి జత అనుకుని పొట్టివి రెండూ ఒక చక్రానికి, పొడుగువి రెండూ ఇంకో చక్రానికి వేసేశారు. చెప్పులు జత చేసినట్టు చేశారు.

నాన్నకి ఫొటో పంపితే వెంటనే ఫోన్ చేశారు. "కాడికి ఒక పక్క దున్నపోతు, ఒక పక్క దూడ కట్టినట్టుంది" అన్నారు. ఆయన నవ్వలేదు. వాన రోడ్డు మీద ఆ బండి ఎన్నాళ్ళు నడిపానో అడిగారు. సమ్మర్ అంతా అని చెప్పాను. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

పెడల్ ఎందుకు దిగిపోతోందో చెప్పింది మాత్రం అడ్జస్టర్. అది పళ్ళ చక్రం ఉన్న పొడవాటి మర. బండిని వెనక్కి నడుపుతూ బ్రేకు తొక్కినప్పుడు డ్రమ్ము వెనక షూని కిందికి లాగుతుంది, అది పై పిన్ను నుంచి విడిపోతుంది. పిన్నుకి తగిలించిన సన్నటి తీగ, వెనక షూ మీది గైడు మీదుగా వచ్చి, అడుగునున్న కొక్కాన్ని పైకి లాగుతుంది. లైనింగు అరిగి సందు పెరిగి ఉంటే ఆ కొక్కెం పైకి వెళ్ళి ఇంకో పన్ను అందుకుంటుంది. కాలు తీయగానే స్ప్రింగు దాన్ని కిందికి లాగి చక్రాన్ని ఒక పన్ను తిప్పుతుంది. మర కొంచెం పొడుగవుతుంది, షూలు డ్రమ్ముకి దగ్గరవుతాయి. అరిగిన కొద్దీ తనే సర్దుకునే ఏర్పాటు. నాకు ఈ మొత్తం బ్రేకులో అన్నిటికంటే ముద్దొచ్చేది ఇదే.

కుడి చక్రంలోనూ ఎడమ చక్రంలోనూ ఈ కొక్కెం పళ్ళ చక్రాన్ని తిప్పే దిక్కు వేరు. అందుకని మరలు కూడా వేరు, ఒకటి కుడి మర, ఒకటి ఎడమ మర. ఫోర్డ్ వాళ్ళ షాపు మాన్యువల్‌లో దీన్ని గుర్తుపట్టే పద్ధతి రాసి ఉంది. అడ్జస్టర్ చివరి టోపీ మీద ఆర్ లేదా ఎల్ అని అచ్చు ఉంటుంది. నట్టు చుట్టూ రెండు గీతలుంటే అది కుడి పక్కది, ఒక్క గీతే ఉంటే ఎడమ పక్కది. మడ్డి తుడిచి, టార్చి వేసి చూశాను. కుడి పక్క దాని మీద ఆర్, రెండు గీతలు. ఎడమ పక్క దాని మీద కూడా ఆర్, రెండు గీతలు. ఎవరో ఒకే సామాను రెండుసార్లు కొని రెండు పక్కలా వేసేశారు.

ఇంటి ముందు వాలు దారి నుంచి బండిని వెనక్కి తీసిన ప్రతిసారీ బ్రేకు తొక్కుతాను. తొక్కిన ప్రతిసారీ ఎడమ పక్క ఆ మర పొడుగవడానికి బదులు పొట్టిదవుతూ వచ్చింది. బ్రేకుని బిగించాల్సిన పనిముట్టే పన్ను పన్నునా వదులు చేసేసింది. గాలి తీయడానికి మావారిని కూర్చోబెట్టి రెండు సాయంత్రాలు పెడల్ తొక్కించిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

వీల్ సిలిండర్లు కూడా జత కాదు. ఎడమ దాని లోపలి వ్యాసం అంగుళంలో 7/8 వంతు, కుడిది 15/16 వంతు. చూపుకి తెలియని తేడా. కానీ బలం వ్యాసాన్ని బట్టి కాదు, వైశాల్యాన్ని బట్టి వస్తుంది. లెక్క వేస్తే ఒకే ఒత్తిడికి కుడి పిస్టన్ దాదాపు 15 శాతం ఎక్కువ బలంతో తోస్తుంది. పొడుగు షూలు కుడి పక్కే, పెద్ద సిలిండర్ కుడి పక్కే, సరిగ్గా సర్దుకునే అడ్జస్టర్ కూడా కుడి పక్కే. ఎడమ పక్క అన్నీ వ్యతిరేకం. వాన రోడ్డు మీద తోక ఎందుకు జరిగేదో ఇంక ఎవరినీ అడగక్కర్లేకపోయింది.

డ్రమ్ముల దగ్గర మాత్రం నాకూ నాన్నకీ చిన్న వాదన జరిగింది. ఇక్కడ మిచిగన్‌లోని కాంటన్‌లో మా ఇంటికి ఇరవై నిమిషాల దూరంలో పాత డ్రమ్ములు ఇప్పటికీ లేత్ మీద కోసిపెట్టే షాపు ఒకటి ఉంది. ఇలాంటివి తగ్గిపోతున్నాయి, ఉన్నంతకాలం పని ఇస్తూ ఉండాలని నా కోరిక. అక్కడి పెద్దాయన డ్రమ్ము మైక్రోమీటరుతో కొలిచి చూపించారు. కుడిది 10.022 అంగుళాలు. ఎడమది 10.074. పది అంగుళాల డ్రమ్ముని అరవై థౌ (అంగుళంలో వెయ్యో వంతు ఒక థౌ) వరకే, అంటే 10.060 దాకానే కోయవచ్చు. దాటితే గోడ పల్చబడి వేడి తట్టుకోలేదు, బిగిస్తే సాగుతుంది, పగలొచ్చు కూడా. ఎడమ డ్రమ్ము పనికిరాదు. కుడిది శుభ్రంగా ఉంది, ఒక్క గీత లేదు.

నేను ఎడమది ఒక్కటే కొత్తది కొందామన్నాను. కుడిది ఫ్యాక్టరీ డ్రమ్ములా ఉంది, పాత పోత ఇనుము, పారేయబుద్ధి కాలేదు. నాన్న ఒప్పుకోలేదు. "కొత్త షూ కొత్త డ్రమ్ము గుండ్రానికి కోసి ఉంటది. ఎడమ పక్క నిండా ఆనుద్ది. కుడి పక్క మధ్యలోనే ఆనుద్ది. మళ్ళీ ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ పట్టుద్ది. నువ్వు ఇన్నాళ్ళు పడ్డ బాధే మళ్ళీ పడతావా?"

ఆయన కాలంలో లైనింగు విడిగా కొని షూకి రివెట్లు కొట్టి, డ్రమ్ము లోపల సుద్ద రాసి, షూని అందులో తిప్పి చూసేవారు. సుద్ద అంటినచోటు ఎత్తు, అంటనిచోటు పల్లం. ఎత్తులు అరగదీసి, మళ్ళీ సుద్ద రాసి, లైనింగు నిండా తెల్లబడేదాకా చేసేవారు. అలా చేస్తే 10.022 డ్రమ్ముకైనా షూని కుదర్చవచ్చు. కానీ షూలు అరగదీయడమంటే దుమ్ము, ఆ దుమ్ము గురించి ఇక్కడ ఒక మాట చెప్పి తీరాలి. పాత లైనింగుల్లో ఊపిరితిత్తులని పాడుచేసే ఆస్బెస్టాస్ ఉండేది. అమెరికాలో పర్యావరణ రక్షణ సంస్థ ఈపీఏ క్రైసోటైల్ రకం ఆస్బెస్టాస్‌ని నిషేధిస్తూ నియమం తెచ్చింది 2024 మార్చిలో. విడిగా అమ్మే బ్రేకు లైనింగులు కూడా ఆ నియమం కిందికి వస్తాయి. అంటే 1966 బండిలో ఎప్పుడో వేసిన షూల దుమ్ములో ఏముందో నమ్మడానికి లేదు. గాలి గొట్టంతో ఊదకండి. నోటితో అసలు ఊదకండి. నేను సబ్బు నీళ్ళు చల్లి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డల్ని సంచిలో మూటకట్టాను, పని అంతసేపూ మాస్కు తీయలేదు. నా చిన్నప్పుడు నాన్న డ్రమ్ము విప్పగానే ముందు చేసే పని దాన్ని నోటి దగ్గర పెట్టుకుని ఉఫ్ అని ఊదడం. ఇంటికి వచ్చేసరికి కనుబొమలు బూడిద రంగులో ఉండేవి. ఆ మాట ఫోన్లో అడగలేకపోయాను. మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసి, నాన్నని ఛాతీ డాక్టర్‌కి ఒకసారి చూపించమన్నాను. చూపించాడు. బాగానే ఉన్నారు.

చివరికి రెండు డ్రమ్ములూ కొత్తవే కొన్నాను. పాత కుడి డ్రమ్ము గరాజు అల్మారాలో నూనె రాసి పెట్టాను.

ఎడమ పక్క లైనింగు అంచు తడిగా ఉంది. బ్రేకు ఫ్లూయిడ్ కాదు, గంధకం వాసన వేసే గేరు నూనె. ఇరుసు సీలు పోయింది. ఇరుసు కడ్డీ లాగి, బేరింగూ సీలూ కొత్తవి వేయించాను, అది రెండు పక్కలా చేయించేశాను. కొత్త షూలు వేసి సీలు పాతదే ఉంచితే ఆ షూలు నెలలోపే నూనె పీల్చేస్తాయి.

తర్వాత బిగింపు. రెండు పక్కలా ఒకే పెట్టెలోని షూలు, పొట్టిది ముందు, పొడుగుది వెనక. ఒకే కంపెనీ, ఒకే కొలత సిలిండర్లు. స్ప్రింగులు ఒకే సెట్టు. హ్యాండ్ బ్రేకు మీట వెనక షూకి తగులుతుంది, దానికీ కుడి ఎడమలున్నాయి. అడ్జస్టర్లు ఎల్ ఒకటి, ఆర్ ఒకటి, రెండూ నా చేత్తో గుడ్డ మీద పెట్టి, గీతలు లెక్కపెట్టి, ఫొటో తీసి నాన్నకి పంపాకే బిగించాను. షూలు ఆనే చోట్ల వాటి వెనకున్న ప్లేటు మీద ఆరు చుక్కల గ్రీజు, అంతకంటే వద్దు. ఒకసారికి ఒక చక్రమే చేశాను. ముందు చేసినవాళ్ళ తప్పులన్నీ అప్పటికి నా నోటుబుక్కులో ఉన్నాయి కాబట్టి ఆ పాత అమరికను నమ్మలేదు, మాన్యువల్ బొమ్మనే నమ్మాను.

ఇంకో మాట. పెడల్ తొక్కినప్పుడు ఫ్లూయిడ్‌ని చక్రాలకి నెట్టేది మాస్టర్ సిలిండర్. 1966 ముస్తాంగ్‌లో దానికి ఒకటే గది. నాలుగు చక్రాలకీ ఒకే ఫ్లూయిడ్. వెనక ఒక చక్రంలో సిలిండర్ లీకైతే ముందు బ్రేకులు కూడా పోతాయి. రెండు గదులది 1967 నుంచి వచ్చింది. అది మార్చడం నా తర్వాతి పని, వివరాలు అప్పుడు రాస్తాను.

నవంబరు మొదటి శనివారం పొద్దున్నే నోవైలో వెంకటేశ్వర స్వామి గుడికి తీసుకెళ్ళాను. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజ చేయించి, తిరుగుదారిలో ఒక ఖాళీ పార్కింగ్ స్థలంలో ఆగాను. ముందుకి కొంచెం, వెనక్కి కొంచెం, వెనక్కి వచ్చినప్పుడల్లా బ్రేకు. మావారు కిందికి దిగి ఎడమ చక్రం పక్కన చెవి పెట్టి నిలబడ్డారు. టిక్. మళ్ళీ వెనక్కి. టిక్. పదకొండోసారికి చప్పుడు ఆగిపోయింది. అంటే సందు చాలినంత తగ్గింది. పెడల్ పైనే నిలబడింది.

తర్వాత నలభై మైళ్ళ వేగం నుంచి ఏడెనిమిదిసార్లు నెమ్మదిగా ఆపాను, మధ్యమధ్యలో చల్లారనిస్తూ. స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టి ఒకసారి ఆపాను. గీత గీసినట్టు ఆగింది. కొలవడానికి ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ తెచ్చుకున్నాను. ఎడమ డ్రమ్ము 141 డిగ్రీల ఫారెన్‌హీట్, కుడిది 144.

ఫోన్లో నాన్నకి ఆ అంకెలు చూపించాను. "అంకెలు సరే, చెయ్యి దగ్గర పెట్టి చూడు" అన్నారు. మోకాళ్ళ మీద కూర్చుని అరచెయ్యి ఎడమ చక్రం సందుల దగ్గర పెట్టాను, లేచి అటు వెళ్ళి కుడి చక్రం దగ్గర పెట్టాను. మళ్ళీ ఎడమ దగ్గరికి వచ్చాను.

"ఏది ఎక్కువ వేడిగా ఉందమ్మా?"

"తెలియట్లేదు నాన్నా."

"అయితే ఇంక ముందు చక్రాలు విప్పు."